పాత కొసలు

మా ఇంట్లో మాట్లాడుతున్నది నా భార్యేనా అన్న సందేహం నాకు ఎనిమిదేళ్ళుగా ఉంది. ఎవరితోనూ అనలేదు. పొద్దున్నే స్నానం చేసి, పటాల ముందు దీపం పెట్టి చేతులు జోడించినప్పుడు మాత్రం అది వచ్చి నా పక్కన కూర్చునేది. దేవుడి దగ్గర దాచేదేముంది గనుక ఆయన్నే అడిగేవాణ్ణి. "స్వామీ, వంటింట్లోంచి వినపడే ఆ గొంతు నాంచారమ్మదేనా? లేక దాని నోటితో ఇంకెవరైనా మాట్లాడుతున్నారా?" స్వామి పలికేవాడు కాదు. వంటింట్లోంచి మాత్రం జవాబు వచ్చేది.

"దీపం పెట్టటానికి గంట పట్టుద్దా ఏమయ్యా? ఉప్మా చల్లారిపోతంది!"

నేను పదో తరగతి దాకా చదివాను. పేరు భావన్నారాయణ, అందరూ భావన్న అంటారు. చీరాల పక్కన మా ఊళ్ళో గుంట మగ్గం మీద చీరలు నేస్తాను. ఎనిమిదేళ్ళ కిందట, నలభై రెండేళ్ళ వయసులో, నాంచారమ్మ రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుడుతూ చుడుతూ పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతం అన్నారు. రెండు నెలలకు చెయ్యీ కాలూ తిరిగి వచ్చాయి. మాట రాలేదు. మనం అన్నదంతా అర్థమయ్యేది. తను అనాలనుకున్నది లోపల సిద్ధంగానే ఉండేది. నోటి దాకా వచ్చే దారి తెగిపోయింది. నీళ్ళు కావాలంటే చెంబు చూపించేది. చెంబు కనపడకపోతే ఏడ్చేది.

గుంటూరులో ఒక ప్రయోగశాల వాళ్ళు అప్పుడే సేతువు అనే వస్తువు తయారు చేశారు. చింతగింజంత ఉంటుంది. ఎడమ చెవి వెనక చర్మం కింద పెడతారు. దాన్నుంచి వెంట్రుకకన్నా సన్నటి తీగలు లోపలికి పోతాయి. మనిషికి ఒక మాట అనాలనిపించగానే, సేతువు ఆ మాట ఉన్న పేజీని వెతికి నాలుకకు అందిస్తుంది. ఒక్కో మాటకు ఒక్కో పేజీ. ఆ పేజీలు ఎవరివి వాళ్ళకే తయారు కావాలి.

"నాలుగు నెలలు ఇక్కడే ఉండాలి బాబాయ్. ఒక్కో మాటా పిన్ని చేత కూడబలికించి, ఆమెకని పెట్టిన గదిలో దాస్తాం," అంది పార్వతి. ప్రయోగశాలలో పనిచేసే అమ్మాయి. వాళ్ళదీ నేత కుటుంబమే, మంగళగిరి.

నాలుగు నెలలంటే నాకు కుదిరే పని కాదు. శ్రావణమాసం చీరలు ఒప్పుకుని ఉన్నాను. బల్ల మీద తెర చూపించి, "మరి ఇందాక ఏదో గొంతు పలికిందే, అదేంది?" అన్నాను.

"అవి నమూనా పేజీలు. సేతువుతో పాటే వస్తాయి. ఎవరో ఒకావిడ చేత చెప్పించి పెట్టారు, పరీక్ష కోసం."

"అయితే వాటికే అతికెయ్యమ్మా."

పార్వతి నా వంక చూసింది. నేత ఇంటి పిల్ల కాబట్టి నేనేమన్నానో వెంటనే తెలిసింది. మగ్గం మీద ఒక పడుగు నేయడం పూర్తయి చీర కోసేశాక, పాత పోగుల కొసలు మగ్గంలోనే మిగులుతాయి. వాటిని ఎవరూ లాగెయ్యరు. కొత్త పడుగు తెచ్చి, ఒక్కో పోగునూ ఒక్కో పాత కొసకు అతికి, మెల్లగా ముందుకు లాగుతారు. వేల పోగులు మళ్ళీ మొదటినుంచీ ఎక్కించే పని తప్పుతుంది. మా తాతల నాటినుంచీ ఇదే పద్ధతి. పాత కొసలు ఎక్కడికీ పోవు.

"అవునులే, పాత కొసలెవరు తీస్తారు బాబాయ్," అంది పార్వతి.

పది రోజుల్లో నాంచారమ్మ తలపులను ఆ నమూనా పేజీలకే అతికేసింది. పదకొండో రోజు నాంచారమ్మ నోరు తెరిచి, నా చెయ్యి పట్టుకుని, "తిన్నావా?" అంది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే అనుకున్నాను, ఆ అడిగింది ఎవరని. ఆ మాట ఎవరో ఒకావిడది కదా.

*

మొన్న వేసవిలో, ఐదో తారీకు పొద్దున, పార్వతి చెప్పకుండా మా ఇంటికి వచ్చింది. మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు.

"సేతువుకి కొత్త సాఫ్ట్‌వేర్ వస్తంది బాబాయ్. పద్నాలుగు పొద్దున పదింటికి ఎక్కిస్తారు. అప్పుడు పాత ఫైళ్ళు కొన్ని తీసేస్తారు." తల వంచుకుంది. "ఆ జాబితాలో నమూనా పేజీలున్నాయి."

మా అమ్మాయి హైమ గుమ్మంలో నిలబడి వింటోంది. మా చీరలు అమ్మే వెబ్‌సైట్ తనే నడుపుతుంది. మొహం తెల్లబోయింది. నాకు మాత్రం అర్థం కాలేదు.

"పోయినేడు మన వెబ్‌సైట్‌కి ఏమైందో గుర్తుందా నాన్నా? అంచుల బొమ్మలు, రంగులు అన్నీ ఒక్క పూటలో పోలా?"

"పోయినాయి. రెండు రోజులు అన్నం తినలేదు నువ్వు."

"వెబ్‌సైట్ నడిపే సాఫ్ట్‌వేర్‌కి కొత్తది వచ్చినప్పుడు, దాని సొంత ఫైళ్ళ మీద కొత్తవి రాసేసుద్ది. ఇక అక్కర్లేదనుకున్న పాతవాటికి ఒక జాబితా ఉంటది. అందులో ఉన్నవి తుడిచేసుద్ది. మనం పెట్టుకునే వాటికి వేరే గది ఉంది, దాన్ని ముట్టుకోదు. నేనేం చేశానంటే, తొందర కొద్దీ, మన రంగులూ బొమ్మలూ దాని ఫైల్లోనే రాశా. అది మనదని దానికెట్టా తెలుసుద్ది? తుడిచేసింది." ఆగి, పార్వతి వంక తిరిగింది. "అమ్మ మాటలు కూడా అట్టాగే పెట్టారా అక్కా? ఎందుకు పెట్టారు?"

పార్వతి నా వంక చూడలేదు. "అప్పట్లో తొందరలో జరిగింది," అంది. నన్ను కాపాడింది. నేను కాపాడనిచ్చాను.

హైమ ప్రయోగశాల పెద్దాయన డాక్టర్ కేశవాచారి గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "ఆ జాబితాలోంచి ఆ ఒక్క పేరు తీసెయ్యండి సార్. మీకు పెద్ద పని కాదు. మా అమ్మ ఒక్కదానికే."

ఆయన కోప్పడలేదు. అందుకే భయం వేసింది నాకు. "లోపం ఉన్నది ఆ ఫైల్లోనేనమ్మా. దాన్నుంచే కొందరికి మూర్ఛలు వస్తున్నాయి. పోయిన నెలలో ఇద్దరు పోయారు. తుడవకుండా వదిలేస్తే మీ అమ్మగారు ఎన్నాళ్ళుంటారో నేను చెప్పలేను."

"నకలు తీసి దాచుకుంటే?"

"దాచుకోవచ్చు. కొత్తది దాన్ని చదవదు."

నాంచారమ్మ కండెలు చుట్టడం ఆపలేదు. అంతా విని, "అయితే పద్నాలుగు దాకా నాకు నోరుంది. మజ్జిగ తాగు పిల్లా, పులిసిపోద్ది," అంది.

*

దారి ఒకటి ఉందని పార్వతే చెప్పింది, అందుకోసం మా ఇంట్లోనే ఉండిపోయింది. ఈ తొమ్మిది రోజుల్లో ఎన్ని మాటలు వీలైతే అన్ని నాంచారమ్మ సొంత గదిలోకి మార్చాలి. నమూనా పేజీని ఎత్తి అందులో పడేస్తే కుదరదు. ఆ మాట అవసరమై, మనసులో లేచి, నోటికి రావాలి. అప్పుడే అది సొంత గదిలో ముడి పడుతుంది. ముడి పడితే పార్వతి ల్యాప్‌టాప్ మీద పచ్చ చుక్క వెలుగుతుంది. పడకపోతే పసుపు.

మొదటి రోజు హైమ కాగితం మీద రెండువందల మాటలు రాసి చదివించింది. నీళ్ళు, అన్నం, నొప్పి, జ్వరం, వద్దు. పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా చదివింది. అన్నీ పసుపే. బళ్ళో పిల్లలా చదువుతుంటే లోపల ఏముంటుంది? చివరికి విసుగొచ్చి, "దాహం, ముందు నీళ్ళియ్యవే!" అంది. రెండు పచ్చ చుక్కలు వెలిగాయి. ముగ్గురం ఒకళ్ళనొకళ్ళం పట్టుకున్నాం.

అప్పటినుంచీ బతుకంతా మాటల కోసమే బతికాం. ఉపవాసం పెట్టి ఆకలి దాచాం. ఎండలో మేడ మీద నిలబెట్టి చెప్పుల పేరు దాచాం. బజారుకు తీసుకెళ్ళి దోసకాయ దగ్గర్నుంచీ కూరగాయలన్నీ బేరం ఆడించాం. వెనకాల ల్యాప్‌టాప్ పట్టుకుని పార్వతి, గొడుగు పట్టుకుని హైమ. "ఏంది వదినా, సినిమా తీస్తన్నారా?" అని కూరలమ్మే మనిషి ఎగతాళి చేసింది. "అవునే, నువ్వే హీరోయినువి, వంకాయలు సరిగ్గా తూచు," అంది నాంచారమ్మ. ఆ జవాబులో వంకాయ వెలిగింది. హీరోయిన్ వెలగలేదు.

నా కోరిక ఒకటుంది. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఇద్దరం కలిసి చదివే స్తోత్రం దాచాలని. రెండో రోజు కూర్చుని కళ్ళు మూసుకుని చదివింది. నేనూ చదివాను. కళ్ళు తెరిచి చూస్తే మొదటినుంచి చివరిదాకా ఒక్క చుక్కా పచ్చగా లేదు.

"ఇరవై ఐదేళ్ళుగా చదువుతున్నాం. దాని వెనక ఏమీ లేదంటావా అమ్మా ఈ మిషను?" అన్నాను.

పార్వతి నొచ్చుకుంది. "మిషనుకేం తెలుసు బాబాయ్. బాగా అలవాటైన మాట అవసరం లేకుండానే వచ్చేస్తది, అంతే." నేను ఒత్తి సర్ది లేచాను. నేను చదివితే పచ్చ వెలిగేదా అన్న ప్రశ్న మాత్రం ఆ పూటంతా నాతోనే ఉంది.

నాలుగో రోజుకు నూటయాభై దాటలేదు. కోపం మాటలు ఒక్కటీ లేవు.

"అమ్మా, నాన్న మీద కోప్పడు," అంది హైమ.

"ఎందుకు?"

"మాటలు దాచాలి గదా. రేపు కోపమొస్తే ఏం చేస్తావు?"

నాంచారమ్మ నా వంక చూసి, "ఓరి నీ మొహం మండ," అని ఫక్కున నవ్వింది. పసుపు. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ నవ్వు. పార్వతి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. ఆ అమ్మాయి నాలుగు రోజులుగా సరిగ్గా తినలేదు. తప్పంతా తన మీద వేసుకుని తిరుగుతోంది.

నేను మగ్గం గుంటలోంచి పైకి వచ్చాను. "నాంచారీ, అతకమన్నది నేను," అన్నాను.

"ఏంది?"

"నమూనా పేజీలకు అతికెయ్యమన్నది నేనే. సొంతంగా చెయ్యాలంటే నాలుగు నెలలన్నారు. శ్రావణం చీరలు ఒప్పుకుని ఉన్నానని పది రోజుల్లో తెమల్చమన్నా. ఆ పిల్లది కాదు తప్పు."

నవ్వు ఆగిపోయింది. తర్వాత లేచింది.

"నా నోటికన్నా నీకు చీరలు ఎక్కువైనాయా? ఎవత్తో నోరు అరువు తెచ్చి నాకు తగిలిచ్చావా? ఎనిమిదేళ్ళు! ఎనిమిదేళ్ళు ఎంగిలి మాటలు నోట్లో పెట్టుకు తిరిగానా నేను? ఇన్నాళ్ళూ చెప్పాలనిపించలా? రోజూ దీపం పెట్టి దణ్ణాలు పెట్టేది ఇందుకా? దొంగ! పిరికి సన్నాసి! నీ మగ్గం గుంటలో నువ్వే పడి చావు!"

అలా ఎంతసేపు తిట్టిందో తెలియదు. వీధిలో జనం ఆగారు. పార్వతి తెర మీదనుంచి కళ్ళు తీయకుండా, చిన్న గొంతుతో, "నలభై మూడు బాబాయ్. అన్నీ పచ్చే. ఇంకొంచెం తిట్టిచ్చుకో," అంది. నేను తలవంచుకుని నిలబడ్డాను. తిట్టు తిట్టుకూ ఒక చుక్క వెలుగుతుంటే బాధపడాలో సంతోషించాలో తెలియలేదు. ఆ సాయంత్రం నాకు అన్నం పెట్టలేదు. మర్నాడు పెట్టింది గానీ మాట్లాడలేదు. మాకు ఒక రోజు పోయింది.

ఆరో రోజు పొద్దున, పొయ్యి దగ్గర, మూర్ఛ వచ్చింది. గిన్నె జారి గంజి ఒలికిపోయింది. పడిపోయే ముందు నన్ను చూడలేదు, హైమను చూడలేదు. "స్వామీ!" అని ఒక్క కేక వేసింది. ఐదు నిమిషాలు కొట్టుకుంది. నోట్లో గుడ్డ పెట్టవద్దని పార్వతి అరిచింది. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కొత్త సాఫ్ట్‌వేర్ వద్దని మనసులో ఏదో ఒక మూల అనుకుంటున్న నాకు ఆ ఐదు నిమిషాల్లో ఆశ తెగిపోయింది. లేచాక తను మొదట చూసింది తెర వైపు.

"వెలిగిందా?" అంది.

వెలిగింది. స్తోత్రంలో దొరకని పేరు అక్కడ దొరికింది.

*

ఒక్క మాట మాత్రం దొరకలేదు. నన్ను పిలిచే మాట. "ఏమయ్యా." రోజుకు వందసార్లు అనేది. అన్నిసార్లూ పసుపే. నేను ఎదురుగా ఉండగా పిలవాల్సిన అవసరం ఏముంది? కనపడకుండా పోవాలన్నారు. వెళ్ళి మగ్గం వెనక దాక్కున్నాను. "అక్కడున్నావని తెలుసులే, నీ కాళ్ళు కనపడతన్నాయి," అంది. చీరాల స్టేషన్ దాకా వెళ్ళి కూర్చున్నాను. ఫోన్‌లో హైమ, "పసుపే నాన్నా, నువ్వు తిరిగి వస్తావని అమ్మకు తెలుసు," అంది. ఎనిమిదో రోజు రెండు గంటలు దానికే ఖర్చు చేశాం. హైమ వేరే మాటలకు వెళ్దామంది. నేను కుదరదన్నాను. కసురుకున్నాను కూడా. నా కోసం మిగతా మాటలు పోగొడుతున్నానని తెలిసీ వదలలేకపోయాను.

చివరికి నాంచారమ్మే ల్యాప్‌టాప్ మూసేసింది.

"పోనీలే. ముప్పై ఏళ్ళూ నా ఎదురుగానే ఉంటివి. ఇంక పిలిచేదేముంది," అంది.

పద్నాలుగో తారీకు గుంటూరులో, గది బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు అద్దంలోంచి చూస్తే, లోపల తెర మీద తీసేసిన ఫైళ్ళ పేర్లు వరసగా పైకి పోతున్నాయి. ఒక్కో పేరు దగ్గర ఒక గుర్తు పడుతోంది. పన్నెండు నిమిషాలు. నేను దణ్ణం పెట్టుకోబోయి ఆగిపోయాను. స్వామికి నేనొక పంచె బాకీ. నాంచారమ్మకు మాట పోయిన రోజుల్లో, మాట వస్తే నా చేత్తో పంచె నేసి కట్టబెడతానని మొక్కుకున్నాను. మాట వచ్చింది. కానీ వచ్చింది తన మాటేనా అని సందేహం. తేలాక ఇద్దామని ఊరుకున్నాను. ఎనిమిదేళ్ళు ఊరుకుని, ఇప్పుడు ఏ మొహంతో అడగను?

తలుపు తెరిచారు. కేశవాచారి గారు వంగి, "అమ్మా, ఎలా ఉంది?" అన్నారు. నాంచారమ్మ నోరు తెరిచింది. గొంతు కదిలింది. వెతుకుతోందని తెలుస్తూనే ఉంది. చాలాసేపటికి, "నీళ్ళు," అంది.

మిగిలిన మాటలు మూడువందల తొంభై ఎనిమిది.

*

ఇంటికి వచ్చాక ఉన్న మాటలు కూడా వాడలేదు. తలాడించేది, వేలు చూపించేది. హైమ బతిమాలింది, ఏడ్చింది. కొత్త మాటలు ఇప్పటికైనా మెల్లగా నేర్చుకోవచ్చని పార్వతి ఫోన్ చేసి చెప్పింది. నాంచారమ్మ ఫోన్ పక్కన పెట్టేసింది. ఒక వాక్యం సరిగ్గా రాని నోరు తెరవడం తనకు నామోషీ. ఇల్లంతా మగ్గం చప్పుడే. ఆరు రోజులు అలాగే గడిచాయి. ఈ నిశ్శబ్దం చూశాక, ఎవరిదైనా సరే ఆ గొంతే ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఏడో రోజు గంజి పెట్టిన పడుగు వీధిలో బారుగా చాచి కట్టి ఉంది. ఆరుతోంది కదా అని నేను లోపల మగ్గం సర్దుకుంటున్నాను. ఉన్నట్టుండి మబ్బు పట్టింది. గాలి లేచింది. గంజి పడుగు తడిస్తే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని ఎందుకూ పనికిరాకుండా పోతాయి. ఆ సంగతి నాకు తెలిసే లోపలే వీధిలోంచి కేక వినపడింది.

"దోసకాయా!"

నేను తల ఎత్తాను.

"దోసకాయోవ్! దోసకాయా!"

నన్నే. అందులో అనుమానం లేదు. ఆ సాగదీయడం, చివర్లో ఆ విసుగు, నేను మళ్ళీ ఎక్కడో పరాకుగా ఉన్నానన్న ఆ నింద. ముప్పై ఏళ్ళుగా "ఏమయ్యా" అని నన్ను పిలిచిన పిలుపే అది. పక్షవాతానికి ముందు ఉంది, తర్వాతా ఉంది. ఏ నమూనా ఆవిడా దాన్ని తయారు చేసి పెట్టలేదు. బజారులో దొరికిన మాటనొకదాన్ని పట్టుకుని, అందులో ఆ పిలుపంతా పోసి, వీధి మధ్యలో నిలబడి అరుస్తోంది నా భార్య.

నేను పరుగెత్తాను. చెరో చివరా పట్టుకుని చుట్టుకుంటూ వచ్చాం. మొదటి చినుకులు పడేసరికి పడుగు అరుగు మీద ఉంది. ఎదురింటి వాళ్ళు నవ్వుతున్నారు. "ఏం భావన్నా, పేరు మార్చుకున్నావా?" అని ఒకాయన అడిగాడు. నాంచారమ్మ ఆయన వంక చూసి, "నోరుముయ్," అంది. అది ఆ రోజు నన్ను తిట్టిన నలభై మూడింటిలో ఒకటి. తర్వాత నా మొహం చూసి, నేను ఏడుస్తున్నానని గమనించి, కొంగుతో నా తల తుడిచింది.

మర్నాడు చీర పని పక్కన పెట్టి పంచె మొదలుపెట్టాను. నాలుగు రోజులు పట్టింది. మనసు పని మీద సరిగ్గా నిలవలేదు. శనివారం పొద్దున ఇద్దరం స్వామి గుడికి వెళ్ళాం. పూజారి గారు పళ్ళెంలో పంచె అందుకుంటూ, "ఎప్పటి మొక్కు నాయనా?" అని అడిగారు.

"ఎనిమిదేళ్ళ నాటిదండీ. ఆలస్యమైంది."

ఆయన లోపలికి తీసుకెళ్ళి మడత విప్పి స్వామికి కట్టారు. హారతి వెలుగులో నాంచారమ్మ మెడ చాచి అంచు వంక చూసింది. చూసి, నా మోచేతి మీద పొడిచింది.

"వంకర," అంది.

నిజమే, అంచు ఒక చోట వంకరగానే వచ్చింది. స్వామి దాన్నే కట్టుకున్నాడు.